అప్పగింపలేని అమ్మకము: బ్రోకరు పూచీ

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాసము



 1880లో గుండుగొలనున జన్మించి, మదరాసున వైద్యవిద్య ముగించి, ఈ బందరులోనే వైద్యుడై పేరుగాంచి, స్వరాజ్యోద్యమము కొరకు ఆ వృత్తిని విడనాడి, కాంగ్రెసు మహాసభ చరిత్రను రచించి, 1948లో జయపుర కాంగ్రెసునకు అధ్యక్షుడైన పట్టాభిగారి జీవితమును మీకు నేను కొత్తగా చెప్పవలసినది లేదు. నేటి ప్రసంగమునకు ప్రస్తుతమైన ఆయన కార్యమొక్కటి కలదు. 1923 నవంబరు నెలలో, లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో, ఈ పట్టణమున ఆయన ఆంధ్రా బ్యాంకును స్థాపించెను. అది 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమగు వరకు ఆ పేరుతోనే నిలిచినది. తన సొమ్ము ఎవరికి అప్పు పోవుచున్నదో ఎన్నడును చూడని రైతు, ఉపాధ్యాయుడు, వితంతువు ఆ గుమ్మమెక్కి రూపాయలు లెక్కించి ఇచ్చి, ఒక పుస్తకము చేతబట్టుకొని ఇంటికి పోవుటకు ఆధారమేమి? అప్పు తీసికొన్నవాడు తీర్చకపోయినను మధ్యనున్న సంస్థ తీర్చునను నమ్మకమే. పరుల సొత్తు చేతబట్టుకొని పరుల మాటకు తాను పూచీపడు మధ్యవర్తి ధర్మము పట్టాభిగారి ఆర్థిక కృషికంతకును మూలమని నా భావము. ఆ ధర్మమునే నేడు వేరొక రంగమున పరీక్షింపదలచితిని. షేరు బజారులో ఖాతాదారుడు తనయొద్ద లేని షేర్లను అమ్మి, కొని అప్పగింపలేక చేతులెత్తివేసిననాడు బ్రోకరు పూచీ ఎంత, ఎచట మొదలగును, ఎచట ముగియును?

1

ముందుగా విద్యార్థులకొరకు కొన్ని మాటలు. తెలిసిన పెద్దలు మన్నింతురుగాక. షార్టు సెల్లింగనగా, ధర తగ్గునను నమ్మకముతో తనయొద్ద లేని షేరును ముందుగా అమ్మి, తగ్గిన పిదప కొని అప్పగించుట. పొరుగువాని గాదెనుండి పుట్టెడు ధాన్యము చేబదులు తెచ్చి నేటి ధరకు సంతలో అమ్మివేసి, కోతల కాలమున ధర పడినప్పుడు కొని తిరిగి కొలిచి, మిగులును తాననుభవించువాని వ్యవహారము వంటిదది. ఆ యేడు పంట పండక ధాన్యము పదిరెట్లు పలికినను, అతడు కొలిచి ఈయవలసినది పుట్టెడు ధాన్యమే. ఏ ధరకు కొని తెచ్చెదవని పొరుగువాడు అడుగడు.

నూరు రూపాయలకు షేరు కొన్నవాడు మహా పోగొట్టుకొన్నచో నూరు రూపాయలు పోగొట్టుకొనును. నూరు రూపాయలకు లేని షేరును అమ్మినవాని నష్టమునకు మేర లేదు. ఈ ఒక్క భేదమునుండియే నేను చెప్పబోవు సమస్తమును పుట్టుచున్నది.

ఈ వ్యాపారమును పాపమని నిందించుట నా అభిమతము కాదు. 2001లో ఎన్‌రాన్ కంపెనీ లెక్కలలోని బూటకమును లోకముకంటె ముందుగా గుర్తించినవారిలో షార్టు అమ్మకందారులుండిరి. ధర అన్యాయముగా పెరిగినప్పుడు అన్యాయమని చెప్పువాడు బజారునకు అవసరము; అయితే అట్లు చెప్పువాడు తన మాట తప్పైననాడు దాని మూల్యము చెల్లింపగలవాడై యుండవలెను. అతడు చెల్లింపగలడా లేదా యని తెలిసికొనగల స్థానమున ఉన్నవాడు బ్రోకరొక్కడే.

2

ఒక దినము జరుగునదేదో దగ్గరనుండి చూతము. సంఖ్యలు ఉదాహరణకొరకు నేను కల్పించినవి. పద్ధతి మాత్రము నేడు మన ఎక్స్ఛేంజీలలో నడచుచున్నదే.

ఒక చిన్న కంపెనీ షేరు నిన్నటి ముగింపు ధర 200 రూపాయలు. ఖాతాదారుడొకడు ఉదయముననే వేయి షేర్లను ఆ ధరకు అమ్మినాడు. సాయంకాలములోగా తిరిగి కొందుననునది అతని లెక్క. రెండు లక్షల రూపాయల అమ్మకమునకు బ్రోకరు ఇరువది శాతము, అనగా 40 వేల రూపాయలు, మార్జినుగా, అనగా నష్టమునకు హామీసొమ్ముగా, పట్టుకొన్నాడు. మధ్యాహ్నము రెండు గంటలకు ఒక పెద్ద సంస్థ ఆ కంపెనీని కొనబోవుచున్నదని వార్త వెలువడెను. కొన్ని నిమిషములలో ధర 240కి చేరి, ఒక దినమున ధర పెరుగగల గరిష్ఠ పరిమితియైన అప్పర్ సర్క్యూట్ తగిలి నిలిచినది. తెరపై కొనుగోలు వరుసలో లక్షల షేర్లకు గిరాకీ; అమ్మకపు వరుసలో సున్న. బ్రోకరు కార్యాలయమునుండి ఫోను మ్రోగినది. ఖాతాదారుడు ఎత్తలేదు, ఎత్తినను చేయగలిగినదేమియు లేదు. మూడుంబావు దాటిన పిదప అమ్మినదానిని తిరిగి కొను ఆటో స్క్వేర్ ఆఫ్ ఆజ్ఞ తనంతట తానే పోయి, ఆ పెద్ద వరుస చివర నిలుచుండినది. మూడున్నరకు బజారు మూసివేసిరి. వేయి షేర్లలో ఒక్కటియు కొనబడలేదు. పట్టుకొన్న 40 వేలును ఆ క్షణముననే హరించిపోయినవి.

2023 జనవరి 27 మొదలు మన దేశమున అన్ని షేర్లకును అమ్మకపు మరునాడే అప్పగింత. మరునాడు అప్పగింపవలసిన షేర్లు రాలేదు గనుక ఎక్స్ఛేంజీ వేలము పెట్టును. ఆ దినము ధర మరల ఇరువది శాతము పెరిగి 288 వద్ద సర్క్యూట్ తగిలినదనుకొందము. అట్టి షేరును వేలములో ఈయవచ్చువాడెవడు? వేలమున షేరు దొరకనప్పుడు క్లోజ్ అవుట్ చేయుదురు: అమ్మిన దినమునుండి వేలపు దినము వరకు పలికిన అత్యధిక ధర, లేక వేలపు దినపు ముగింపు ధరపై ఇరువది శాతము అధికము, ఈ రెండింటిలో ఏది ఎక్కువైన అది చెల్లింపవలెను. మన ఉదాహరణలో అది షేరునకు 345 రూపాయల 60 పైసలు. వేయి షేర్లపై నష్టము 1,45,600 రూపాయలు. మార్జిను 40 వేలు పోగా, ఇంకను 1,05,600 రూపాయలు ఎవరో ఒకరు చెల్లింపవలెను.

ఆ ఎవరో ఒకరు ఎవరను ప్రశ్నకు బజారు తడుముకొనదు. బేరముల లెక్కలు తీర్చు క్లియరింగ్ కార్పొరేషను బ్రోకరు ఖాతానుండి ఆ సొమ్మును ఆ దినముననే వసూలు చేసికొనును. ఖాతాదారుడు ఇంట లేడనియు, అతని బ్యాంకులో నిలువ లేదనియు చెప్పినచో వినువాడుండడు. షేర్లు కొన్న అవతలివాడు, ఎన్నడును మన ఖాతాదారుని ముఖము చూడనివాడు, తనకు రావలసిన షేర్లకు మారుగా ఆ ధర చొప్పున సొమ్మును పుచ్చుకొని పోవును.

3

ఈ ఏర్పాటు ఆకాశమునుండి ఊడిపడలేదు. 1996 ఏప్రిల్ నెలలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ క్లియరింగ్ కార్పొరేషను పని ప్రారంభించి, ప్రతి అమ్మకందారునకు తానే కొనుగోలుదారుగను, ప్రతి కొనుగోలుదారునకు తానే అమ్మకందారుగను నిలుచుటకు పూర్వము, బ్రోకరు మాటకు బ్రోకరు మాటయే పూచీ. ఆ పూచీ ఎంత బలహీనమో 1982లో బొంబాయి చూచినది.

ఆ యేడు మార్చి 18న, కలకత్తా వర్తకుల అండగల ధర పడునని పందెము కాయు బేరు ముఠా యొకటి రిలయన్సు షేర్లను లక్షల సంఖ్యలో తమయొద్ద లేకయే అమ్మి, ధరను 131 రూపాయలనుండి 121కి దింపినది. ధీరూభాయి అంబానీ పక్షమువారు అమ్మినదంతయు కొనిరి. సాధారణముగా బేర్లు బద్లా కట్టి ఆ అప్పగింతను తరువాతి గడువునకు నెట్టుకొనుచుండిరి. ఈ మారు కొన్నవారు బద్లాకు సమ్మతింపక షేర్లే చేతికీయుడని పట్టుపట్టిరి. షేర్లు లేవు. కొన్నవారు బద్లాకు దిగివచ్చుటకు అడిగిన వెల బేర్ల బ్రోకర్ల శక్తికి మించినది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ మూడు దినములు తలుపులు మూసికొనవలసివచ్చెను.

ఆ మూడు దినములలో రిలయన్సుతో ఏ సంబంధమును లేని సామాన్యుడొకడు కూతురి పెండ్లికై తన షేర్లు అమ్ముకొనదలచియుండవచ్చును. అతనికి తలుపు మూసిరి. కొందరి అప్పగింపలేనితనము ఎల్లరి బజారును మూసివేయగలదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? బద్లాను 2001లో బజారుల నియంత్రణ సంస్థయైన సెబీ పూర్తిగా నిషేధించినది. 2007 డిసెంబరు 20న వెలువరించిన సర్క్యులరులో, షేరును అరువు తెచ్చుకొనకయే అప్పగింత ఎగవేయు నేకెడ్ షార్టు అమ్మకమునకు తావులేదనెను. మరుసటి యేడు ఏప్రిల్‌లో షేర్లు అరువిచ్చిపుచ్చుకొను పథకము అమలునకు వచ్చెను.

చట్టమేమనుచున్నది? మన కాంట్రాక్టు చట్టము 1872 నాటిది. దాని 222వ సెక్షను ప్రకారము, ఏజెంటు తనకీయబడిన అధికారము మేరకు న్యాయసమ్మతముగా చేసిన పనుల ఫలితములనుండి యజమాని అతనికి రక్షణ కల్పింపవలెను. బ్రోకరు ఈ సెక్షనును చూపి, నీవు చెప్పినట్లు అమ్మితిని, నష్టము నీదే యనును, అది సబబే. కాని అదే చట్టమున పది సెక్షనులు వెనుకకు పోయి 212 చదువుడు: ఏజెంటు ఆ వృత్తికి తగిన నైపుణ్యముతోను శ్రద్ధతోను పనిచేయవలెను, తన అశ్రద్ధ యొక్క ప్రత్యక్షఫలముగా కలిగిన నష్టమును యజమానికి తానే పూడ్చవలెను. న్యాయవాద మిత్రులారా, ఈ రెండు సెక్షనులను విడివిడిగా చదువుట మన అలవాటైనది. కలిపి చదువవలెనని నా ప్రార్థన. లక్ష రూపాయల స్తోమతగల వానిచేత మేరలేని బాధ్యతను నెత్తికెత్తించుట నైపుణ్యమా, శ్రద్ధయా?

4

బ్రోకర్లు తమ పూచీని తాము మోయలేనప్పుడు దానిని మరియొకరి నెత్తిన దించుట ఈ వ్యాపారమున పాత అలవాటు. అమెరికా చరిత్రనుండి రెండు ఘట్టములు చెప్పెదను.

మొదటిది 1901 మే 9. నార్దరన్ పసిఫిక్ రైలు కంపెనీపై అధికారమునకై హిల్, మోర్గాన్ ఒక పక్షమునను, హారిమన్, కూన్ లోబ్ బ్యాంకువారు మరియొక పక్షమునను చేరి పోటీపడి షేర్లు కొనిరి. ధర ఇంత పెరుగుట అసహజమని తలచిన షార్టు అమ్మకందారులు అమ్మివేసిరి. కొన్నవారు అప్పగింత కోరునప్పటికి, బజారున దొరకు షేర్లకంటె అమ్మబడిన షేర్లు ఎక్కువని తేలెను. ఆ దినము ధర వేయి డాలర్లకు ఎగసినది. ఆ ధరకు కొనుటకు సొమ్ము కావలెను గనుక, ఇరుకునబడినవారు తమ చేతిలోని తక్కిన కంపెనీల షేర్లన్నింటిని వచ్చిన ధరకు తెగనమ్మిరి. ఉక్కు, రైళ్లు, ఏది చూచినను పతనమే. నార్దరన్ పసిఫిక్ పేరైనను విననివారు దివాలా తీసిరి. చివరకు రెండు పక్షముల బ్యాంకర్లు కనికరించి 150 డాలర్లకు లెక్క తేల్చుకొనుటకు ఒప్పుకొనినందున న్యూయార్కు ఊపిరి పీల్చుకొన్నది. ప్రత్యర్థుల దయపై ఆధారపడిన రక్షణ రక్షణ కాదు.

రెండవది నన్ను మరింత కలచిన వృత్తాంతము. మెంఫిస్ నగరమున 1916లో పిగ్లీ విగ్లీ అను పేర, కొనువాడు తనంతట తానే సరకు ఎంచుకొను పచారీ దుకాణమును మొదట తెరచిన క్లారెన్స్ సాండర్స్, తన కంపెనీ షేర్లను వాల్ స్ట్రీటువారు షార్టు చేయుచుండగా అప్పులు తెచ్చి రెండు లక్షల షేర్లలో దాదాపు అన్నింటిని కొనివేసెను. 1923 మార్చి 20, మంగళవారమునాడు అప్పగింత కోరెను. ధర 124 డాలర్లు పలికినది. నియమము ప్రకారము మరునాటి మధ్యాహ్నము రెండుంబావులోగా షేర్లు తెచ్చి ఈయవలెను. తేలేకపోయినచో తప్పు ఎవరిది? అమ్మినవానిది, అతని తరఫున అమ్మిన బ్రోకరుది. ఎక్స్ఛేంజీ ఏమి చేసినది? ఆ షేరు వ్యాపారమును నిలిపివేసి, గడువును మరుసటి సోమవారమునకు పొడిగించినది. ఆ వ్యవధిలో షార్టు అమ్మినవారు దేశమంతట వెదకి, చిన్న చిన్న మదుపరులయొద్దనున్న కొద్దిపాటి షేర్లను సేకరించి బయటపడిరి. అప్పులపాలైన సాండర్స్ దివాలా తీసెను. షేర్లన్నింటిని చేజిక్కించుకొని ఇట్లు కార్నరు చేయుట సద్వర్తనమని నేననను. కాని బ్రోకర్లే సభ్యులై, బ్రోకర్లే పాలకులై యున్న సంస్థ, తన సభ్యుల పూచీ తలకు మించిన భారమైన క్షణమున ఆటనడుమ నియమమును మార్చి, ఆ భారమును బయటివానిపైకి నెట్టినది. నా దృష్టిలో అది అన్యాయము.

ఇటీవలి ముచ్చట యొకటి. 2015 నవంబరులో కలోబయోస్ అను అమెరికా ఔషధ కంపెనీ షేరు రెండు డాలర్ల చిల్లర ధరకు పలుకుచుండగా, ఒక చిన్న మదుపరి షార్టు చేసి యుండెను. ఒక సాయంకాలము బజారు మూసిన పిదప మార్టిన్ ష్క్రెలీ బృందము ఆ కంపెనీని చేజిక్కించుకొనుచున్నదను వార్త వచ్చి, కొన్ని గంటలలో ధర అనేక రెట్లు పెరిగినది. సుమారు 37 వేల డాలర్లు ఖాతాలో గల ఆ మనుష్యుడు, ఆ సొమ్మంతయు పోగా, బ్రోకరునకు ఇంకను లక్షా ఆరువేల డాలర్ల వరకు బాకీపడినట్లు తెలిసికొనెను. అతడు తెలిసియే చేసెనని మీరనవచ్చును, నిజమే. అయితే ఖాతాకు మూడు నాలుగు రెట్ల నష్టము ఒక్క రాత్రిలో పుట్టగల స్థితిని అతని బ్రోకరు ప్రతి నిమిషమును లెక్కలలో చూచుచుండెను గదా! అమెరికా చట్టము ఈ బాధ్యతను కొంత గుర్తించినది. 2005 నుండి అమలునందున్న నిబంధనల ప్రకారము, షేరు అరువు దొరకునను సహేతుకమైన నమ్మకము లేనిదే బ్రోకరు షార్టు అమ్మకమును అంగీకరింపరాదు. 2008 సంక్షోభము పిదప, అప్పగింపని షేర్లను నిర్ణీత దినమున తానే కొని పూడ్చు విధిని కూడ బ్రోకరుపైననే పెట్టిరి.

5

ఇక నా వాదము. ఖాతాదారుని అప్పగింపలేనితనము బ్రోకరుకు తగిలిన పిడుగని ఆ వృత్తివారు తలతురు. ఖాతాదారుని పేరాసకు శిక్షయని నీతివేత్తలు తలతురు. రెండింటితోను నేను ఏకీభవింపను. అది బ్రోకరు అమ్ముచున్న సరకులోనే ఇమిడియున్న బాధ్యత. తన పేరుపై నమ్మకమును బజారునకు అరువిచ్చి, దానికై కమీషను పుచ్చుకొనువాడు, ఆ నమ్మకము వమ్మైననాడు మొదట తానే చెల్లింపవలెను. చెల్లించిన పిదపనే ఖాతాదారుని అడుగవలెను. ఈ వరుస తారుమారు కారాదు.

కనుక బ్రోకరు పూచీ అమ్మకము తరువాత మొదలగునది కాదు. ఆజ్ఞను అంగీకరించు క్షణముననే దానిలో పెద్ద భాగము నెరవేరవలెను, లేక తప్పవలెను. ఏ షేరు సర్క్యూట్ తగిలి నిలిచిపోగలదో, దేనిలో వ్యాపారము పలుచనో అతనికి తెలియును. అట్టి దానిని షార్టు చేయనీయను అని చెప్పుట అతని హక్కు మాత్రమే కాదు, విధి కూడ. 2020 డిసెంబరునుండి 2021 సెప్టెంబరు వరకు దశలవారీగా సెబీ అమలుపరచిన పీక్ మార్జిను నియమములు, దినమధ్యమున ఒక క్షణమైనను మార్జిను తగ్గరాదనుచున్నవి. కమీషను తగ్గిపోయినదని ఆనాడు పలువురు బ్రోకర్లు ఆక్షేపించిరి. నేనానాడును నేడును ఆ నియమమునే సమర్థింతును. అయినను మన ఉదాహరణ చూచితిరి: ఇరువది శాతము మార్జిను రెండు దినముల సర్క్యూట్లకు చాలదు. నియమమునకు లోబడితినని చేతులు దులుపుకొనినచో ఆ 1,05,600 రూపాయలు వచ్చి చేరవు. నియమము కనీసమును మాత్రమే చెప్పగలదు. ఎదుటనున్న మనుష్యుని స్తోమతను చూచుట బ్రోకరు పని.

ఇందుకొక బలమైన ఆక్షేపణ కలదు. బ్రోకరే మోయుననినచో, ఖాతాదారుడు లాభము వచ్చిన తాను తిని, నష్టము వచ్చిన బ్రోకరు నెత్తిన వేసి తలుపు వేసికొనడా? వేసికొనును. అందుచేతనే ఖాతాదారుని బాకీ రద్దు కావలెనని నేననను. అది సివిలు బాకీయై నిలిచియుండును. మధ్యవర్తిత్వమునకు, న్యాయస్థానమునకు పోవచ్చును. కాని బ్రోకరు తెలిసి తెలిసి స్తోమతకు మించిన అమ్మకమును అనుమతించిన మేరకు, లేక మూసివేయుటకు అవకాశమున్నను మూయక కమీషనుకై కాచుకొన్న మేరకు, అతని దావా తగ్గవలెను. మధ్యవర్తులును న్యాయమూర్తులును ఆ 212వ సెక్షను వెలుగున ఈ తగ్గింపును చేయవలెనని నా స్థిరాభిప్రాయము.

ఏ పరిస్థితియందును చేయరాని పని యొకటి కలదు: ఒక ఖాతాదారుని లోటును మరియొక ఖాతాదారుని షేర్లతో పూడ్చుట. హైదరాబాదునందలి కార్వీ స్టాక్ బ్రోకింగు వ్యవహారము షార్టు అమ్మకమువలన పుట్టినది కాదు. కాని ఆ పాఠము మన ఇంటిలోనిది. ఖాతాదారుల షేర్లను తన అప్పులకు తాకట్టు పెట్టినదని 2019 నవంబరు 22న సెబీ ఆ సంస్థపై ఉత్తర్వు జారీచేసెను. పిదప ఎనుబదివేలకు పైగా ఖాతాదారుల షేర్లను షేర్లను భద్రపరచు డిపాజిటరీ తిరిగి వారి ఖాతాలకు చేర్చవలసివచ్చెను. కంచె చేను మేసిన ఆ అనుభవముననే 2020 సెప్టెంబరునుండి, మార్జినుకై తాకట్టు పెట్టిన షేరు ఖాతాదారుని డీమ్యాట్ ఖాతాలోనే ఉండి తాకట్టు ముద్ర మాత్రము పొందు పద్ధతి వచ్చినది. ఇది ఆలస్యముగా వచ్చిన మంచి.

ఈ సభయందున్న బ్రోకరు మిత్రులకొక విన్నపము. షార్టు అమ్మకమునకు ఖాతా తెరువవచ్చిన ప్రతి యువకునకును, ప్రతి యువతికిని, సంతకము పెట్టించుటకు పూర్వము, పైన నేను చెప్పిన 200 రూపాయల లెక్కవంటి దానిని తెలుగున వ్రాసి చేతికిచ్చి, చివరనున్న 1,05,600 అను సంఖ్యను వారిచేత చదివించి, ఇంత సొమ్ము మరునాటికి తేగలవా యని అడుగుడు. తేలేనని చెప్పినవానికి ఆ సౌకర్యమును ఈయకుడు. ఆ కమీషను పోయినను మీకు లోటుండదు.